ఎద్దు తుమ్మిన రోజు

సిద్దిపేటకు నేను అత్తరు తినిపించాను. అత్తరు పూసేవాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు. ఊరు ఊరంతటికీ, అదీ నడి ఎండాకాలంలో, అదీ అన్నంలో కలిపి తినిపించిన మొనగాడు నిజాం రాజ్యం మొత్తం వెతికినా నేనొక్కణ్నే. ఆ తర్వాత వీధిలోని ఆడవాళ్లందరూ కట్టగట్టుకుని మీదికొస్తే, ఒక్క మాటతో వాళ్లను ఎక్కడివాళ్లనక్కడ కూర్చోబెట్టిందీ నేనే.

ఇట్లా మొదలుపెట్టకపోతే మీ వయసువాళ్లు రెండో వాక్యం చదవరని నాకు తెలుసు. ఇప్పుడు నింపాదిగా తగ్గించుకుంటూ వస్తాను. ఊరంతా అన్నాను కదా, ఊరు కాదు, ఒక వీధి. వీధిలో కూడా అన్ని ఇళ్లూ అని నేను అనలేదు. ఎన్ని ఇళ్లో సమయం వచ్చినప్పుడు చెబుతాను.

అవి పెద్ద యుద్ధం రోజులు. నేను అప్పుడప్పుడే మీసం దువ్వుకోవడం మొదలుపెట్టాను. దువ్వడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు, దువ్వెన మాత్రం జేబులో ఉండేది. బజారు వెనక గల్లీలో ఒక అత్తరు కార్ఖానాలో పనికి కుదిరాను. కార్ఖానా అంటే పొగగొట్టాలు ఊహించుకోకండి. ఒక పెంకుటిల్లు, వెనక పందిరి, పందిరి కింద రెండు రాగి డేగిసాలు, ఒక పెద్ద రోలు, ఒక ఉస్తాదు, నేను. ఏం నౌకరీ అని ఎవరైనా అడిగితే మేనేజర్‌నని చెప్పుకునేవాణ్ని. నా పని లవంగాలు దంచడం.

అత్తరంటే గులాబీ, మల్లె అనుకుంటారు మీరు. అవి ఎండాకాలపు అత్తర్లు. చలికాలపు అత్తరు జాతి వేరు. అది పూసుకుంటే పూలతోట గుర్తుకు రాకూడదు, ఎవరో వెనకనుంచి వచ్చి భుజాల మీద గొంగడి కప్పినట్లుండాలి. ఆ వెచ్చదనం లవంగం ఇస్తుంది. సరిగ్గా పడితే లవంగం వేశారని ఎవరికీ తెలియదు, మనిషి పక్కన కూర్చోవాలని మాత్రం అనిపిస్తుంది. కొంచెం ఎక్కువైతే పెళ్లికొడుకు పలావులా ఘుమఘుమలాడతాడు.

మా ఉస్తాదు ఈ శాస్త్రమంతా ఒక్క ముక్కలో చెప్పేవాడు. గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం, చెవిలో ఎప్పుడూ అత్తరు దూది, చేతిలో రాగి గరిట.

"చూడు మియా, లవంగమంటె పోలీసు పటేలు లెక్క. ఊర్ల ఒక్కడుంటె అందరు సక్కగుంటరు. ఇద్దరున్నరనుకో, జనం ఊరిడిసి పోతరు."

అత్తరుకు కింద పరిచే నూనెను వాళ్లు జమీన్ అంటారు. అన్ని వాసనలూ దానిమీదే నిలబడాలి. మామూలుగా అది చందన తైలం. యుద్ధం వచ్చి చందనం రాక తగ్గిపోయేసరికి, ఉస్తాదు తన తాతలనాటి పద్ధతికి దిగాడు. పొట్టు తీసిన నువ్వులు ఒక వరస, నలగ్గొట్టిన లవంగం ఒక వరస, మళ్లీ నువ్వులు, మళ్లీ లవంగం, ఇట్లా కుండలో పేర్చి మూత బిగించి వదిలేయాలి. నువ్వు గింజ అమాయకపు గింజ, పక్కన ఎవరుంటే వాళ్ల బుద్ధి పడుతుంది. నువ్వులకు వాసన బాగా ఎక్కాక లవంగం జల్లెడ పట్టి తీసేసి, ఆ నువ్వుల్ని గానుగకు తీసుకుపోవాలి. అక్కడొచ్చే నూనే మా జమీన్. దాని మీద వట్టివేరు, జటామాంసి, ఇంకా ఉస్తాదు నాకు వీపు తిప్పి వేసే రెండు మూడు దినుసులు.

ఈ గానుగ గురించే అసలు కథ.

మా గల్లీ చివర చింతమొద్దు గానుగ ఒకటుండేది. గానుగాయన నెమ్మదస్తుడు, ఆయన ఎద్దు అంతకంటే నెమ్మది. వాకిట్లో గానుగ, పక్కన ఎద్దు కొట్టం, కొట్టం గోడకు చొప్ప కట్టలు. ఇంట్లో ఒక కూతురు. నేను నువ్వుల కుండతో బయలుదేరి ఇంకా గల్లీ మలుపు కూడా తిరక్కముందే ఆ పిల్ల గడపలోకి వచ్చి నిలబడేది. నేను కనిపించేదే లేదు, నా అడుగుల చప్పుడు వినిపించేదీ లేదు, అయినా వచ్చేది. దీనికి ఒక్కటే కారణం ఉంటుందని నేను నిర్ణయించుకున్నాను. అద్దంలో చూసుకుని మీసం ఇంకోసారి దువ్వుకున్నాను.

ప్రతి ఏడూ మా వాసన నువ్వులు చలి మొదలయ్యేటప్పుడు గానుగకు వెళ్లేవి. అప్పటికి ఊళ్లో తొక్కులు, అంటే ఊరగాయలు, పెట్టడం అయిపోయి గానుగ తీరిగ్గా ఉండేది. ఆ ఏడు ఓడలు ఆగిపోయి లవంగాలు సమయానికి రాలేదు. వచ్చినప్పుడు మామిడికాయలతో పాటు వచ్చాయి. పట్నం నుంచి మోటారు బస్సులో ఆ మూట ఒళ్లో పెట్టుకుని తెచ్చింది నేనే. ప్రజ్ఞాపూర్ దాటేసరికి బస్సంతా ముక్కులు తుడుచుకుంటోంది, నేనొక్కణ్నే హాయిగా కునుకు తీశాను. అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది.

గానుగాయన మొదట ఒప్పుకోలేదు. "సాబ్, తొక్కుల దినాలు. ఊరోళ్లు అందరు నువ్వులు తెచ్చి కుప్పవోసిన్రు. గీ దినాలల్ల నీ వాసన నూనె పట్టుమంటె ఎట్ల?"

"ఒక్క దినం భాయ్," అన్నాడు ఉస్తాదు. "పట్టినంక ఊకేసి తిప్పుదాం, కాగిన నీళ్లు వోసి కడుగుదాం. కొత్త గానుగ ఎట్లుంటదో గట్ల చేసి ఇస్త. నా జబాన్."

జబాన్ నిలబెట్టుకున్నాడు. మా నూనె పట్టాక ఊక వేసి తిప్పాము, తీశాము, మళ్లీ వేశాము. డేగిసాతో నీళ్లు కాచి పోశాము. చివరికి పరీక్ష. ఉస్తాదు గానుగ రోట్లో తల పెట్టి గట్టిగా పీల్చి, "కుచ్ నై," అన్నాడు. గానుగాయన తల పెట్టి, "ఏం లేదు," అన్నాడు. నేను అందరికంటే ఎక్కువసేపు తల లోపలే ఉంచి, బయటికి తీసి, మేనేజర్ గొంతుతో, "సాఫ్," అన్నాను.

గడపలో నిలబడ్డ పిల్ల, "నాయినా, గుప్పుమంటున్నది," అన్నది.

"ముగ్గురం చూసినం బిడ్డా. నీకెరుక లేదు, ఊకో."

మీకు ఒక మాట చెప్పాలి. మీరు ఏ ఉద్యోగం చేసినా ఇది పనికొస్తుంది. లవంగాల్లో బతికేవాడికి లవంగం వాసన రాదు. ఉస్తాదు చెవిలో అత్తరు దూది. నేను వారాల తరబడి దంచినవాణ్ని, నా చొక్కా తడిపి పిండితే అదే ఒక అత్తరు. గానుగాయన పొద్దుటినుంచి ఆ ఆవిరిలోనే ఎద్దు వెనక తిరుగుతున్నాడు. ముగ్గురిలో ఒక్కడు కూడా అబద్ధమాడలేదు. ముగ్గురు చెవిటివాళ్లు కూర్చుని పక్కింట్లో గొడవ లేదని తేల్చినట్లు, నిజాయితీగా తేల్చాము.

మర్నాడు ఆ గానుగలో మొట్టమొదట పడ్డవి బట్టల సావుకారి ఇంటి నువ్వులు. సావుకారి భార్య మాటంటే ఆ వీధికి మాట. ఆమె ఏ రోజు తొక్కు పెడితే వీధంతా ఆ రోజే పెట్టేది. ఆమె పెద్ద జాడీ నిండా మామిడికాయ తొక్కు కలిపి, గుడ్డ కట్టి, మూడో రోజు కలియబెట్టడానికి గుడ్డ విప్పింది. విప్పి రెండడుగులు వెనక్కి వేసిందట.

"ఇదేం తొక్కే? పెండ్లికొడుకు పండుకున్న దుప్పటి లెక్క వాసనొస్తున్నది!"

పారేయడానికి మనసొప్పక ఆ రోజు మొగుడికి వడ్డించింది. సావుకారి తిని, చెయ్యి కడుక్కుని దుకాణానికి పోతే, పక్క దుకాణం ఆయన, "ఏం సేటూ, ఎవల పెండ్లికి పోయొస్తున్నవ్?" అని అడిగాడు. సావుకారి ఎంత చెప్పినా నమ్మలేదు. సాయంత్రానికి బజారులో ఆయన రెండో పెళ్లి ఎవరితోనో కూడా నిర్ణయమైపోయింది. ఇక సావుకారి భార్య ఊరుకుంటుందా?

ఎన్ని ఇళ్లో చెబుతానన్నాను కదా. మూడు. మొదటి ఇంట్లో గుప్పుమన్నది, రెండో ఇంట్లో మూత తీస్తే తెలిసింది, మూడో ఇంట్లో నిజంగా వచ్చిందో, మొదటి ఇంటి కబురు విన్నాక వచ్చిందో నాకు ఇప్పటికీ అనుమానమే. ఊరంతటికీ అత్తరు తినిపించానన్న మాట కొలిస్తే ఇంతే తేలుతుంది.

నవ్వుకోండి గానీ, గానుగాయనకు అది నవ్వులాట కాదు. ఏడాది బతుకంతా ఆ తొక్కుల రోజుల్లోనే ఉంది. ఊరికి అటు చివర, నారాయణరావుపేట తొవ్వలో, ఇంకో గానుగ ఉంది. వీధివాళ్లు ఈ ఒక్కసారి అటు మళ్లితే మళ్లీ తిరిగి రారు. గానుగ చెడిందన్న పేరు వస్తే, కడిగినా పోదు, చెక్కినా పోదు. ఎద్దును అంగట్లో అమ్ముకుని, తను ఎవరి చేనుకో కూలికి పోవాలి. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదని విన్నాను. ఉస్తాదు వెళ్లి, "తప్పు నాది భాయ్, నేనే చెప్తా అందరికి," అంటే, "నీ ముక్కు, నా ముక్కు ఒక్కతీరుగనే సచ్చినయి సాబ్. ఎవలని ఏమంటం," అన్నాడట. అట్లాంటి మనుషులు వాళ్లు.

తెల్లారి పొద్దెక్కేసరికి ఆడవాళ్లంతా గానుగ వాకిట్లోకి వచ్చారు. ఆ దృశ్యం నా కళ్లకు కట్టినట్లుంది. వెండి కడియాలు, మెట్టెలు, దుమ్ము కొట్టుకున్న మడమలు. ఒకామె కాలివేలికి గుడ్డ కట్టు. అందరికంటే ముందు, పసుపు మెరిసే పాదాలతో సావుకారి భార్య.

"మా నువ్వులు మాకియ్యి," అన్నది ఆమె. "నీ గానుగల తొక్కుకు నూనె వడ్తదా, పెండ్లికొడుక్కు నలుగు వడ్తదా?"

"అమ్మా, ఇంకొక్కసారి కడుగుత. మీ బాంచెను, ఒక్క దినం ఆగున్రి," అన్నాడు గానుగాయన.

"కడిగితె పోయేదైతె నా ఇంట్ల జాడీ గట్ల వాసనెందుకొస్తది? మా ఆయన బయటికెళ్తె బజారోళ్లు పెండ్లి కొడుకంటున్నరు!"

వెనకనుంచి ఇంకో గొంతు: "నీకు తొక్కు పోయిందనా వదినె బాధ, సవతి వస్తదనా?"

"నువ్వు నోర్మూసుకో!"

మూటలు లేచాయి. ఒక్కొక్కరూ తమ నువ్వుల మూట నెత్తికెత్తుకున్నారు. కడియాలన్నీ గేటువైపు తిరిగాయి. "పదున్రి, అటు దిక్కు గానుగకు పోదాం," అన్నది సావుకారి భార్య.

ఇక్కడ నేను నా ఒక్క మాట చెప్పాలి. ఆ ఉపన్యాసం నేను తయారు చేసుకున్నాను: 'అమ్మలారా, పట్నంలో నవాబుల దేవిడీలల్లో తొక్కులో లవంగం అత్తరు చుక్క పడందే ముద్ద దిగదు. మీకు దొరికిన అదృష్టం వాళ్లకు కూడా దొరకదు.' ఎంత బాగుందో చూడండి. ఎన్నేళ్లుగానో నేను ఈ ఉపన్యాసం ఇచ్చాననే చెబుతున్నాను, వినేవాళ్లు తలలూపుతూనే ఉన్నారు. నిజానికి అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆగడానికి కారణం, సరిగ్గా అప్పుడే ఎద్దు తుమ్మింది.

మామూలు తుమ్ము కాదు. చొప్ప కట్టలు కదిలిపోయాయి.

గేటు దగ్గర కాళ్లన్నీ ఆగిపోయాయి.

"ఎవలో తుమ్మిన్రు," అన్నది ఒకామె.

"ఎవలు?"

"ఎద్దు," అన్నది గానుగాయన కూతురు గబుక్కున. "ఎద్దుకు సర్ది అయింది."

"ఎద్దు తుమ్మితె సుత తుమ్మేనా?"

"తుమ్ము తుమ్మే అక్కా. నిరుడు మా మరిది గిట్లనే బర్రె తుమ్మితె ఆగకుంట పోయిండు. చిన్నకోడూరు కాడ బండి తిరగవడ్డది."

"కూసోన్రి, కూసోన్రి. జరసేపు కూసొని మంచినీళ్లు తాగి పోదాం. నెత్తి మీద మూటున్నప్పుడు తుమ్మితె అస్సలు పోవద్దు."

మూటలు దిగాయి. గానుగాయన కూతురు చెంబుతో నీళ్లు తెచ్చి ఒక్కొక్కరికీ పోసింది. తొందరేమీ పడలేదు. ఆఖరి ఆమె ఇంకా చెంబు ఎత్తి పట్టుకుని ఉండగానే గేటు బయట కర్ర చప్పుడైంది. తర్వాత ముడతలు పడ్డ పాదాలు రెండు, కర్ర ఒకటి, నెమ్మదిగా లోపలికి వచ్చాయి. సావుకారి తల్లి.

"ఏందే, జాడీ పెంట మీద వారవోయుమన్నవట?" అన్నది కోడలితో.

"అత్తమ్మా, నువ్వెందుకొచ్చినవ్ ఎండల? గా తొక్కుల అత్తరు కలిసింది."

"కలిస్తె కలువనియ్యే. పూసుకొని మురుసుటానికి నాకేమన్న మొగడున్నడా? తింట!"

వాకిలంతా ఒక్కసారి గొల్లుమన్నది. ముసలామె నవ్వలేదు. ఉగాది ముందునుంచి ఆమెకు దవడ పన్ను నొప్పి. గంజి తప్ప ఏమీ లోపలికి పోలేదు. కోడలు మూడో రోజు గుడ్డ విప్పి వెనక్కి అడుగులేసిన తర్వాత, ఎవరూ లేనప్పుడు, ముసలామె ఒక ముక్క తీసి బుగ్గన పెట్టుకుంది. లవంగం తన పని తాను చేసింది. పన్ను మొద్దుబారింది. అంత కొంచెం నూనెకు నిజంగా నొప్పి పోతుందా, లేక ఇన్నాళ్లకు తొక్కు తగిలేసరికి నొప్పి సంగతే మరచిందా, నేను చెప్పలేను. ఆమె మాత్రం అప్పటినుంచి దాచుకుని దాచుకుని తింటూనే ఉందట.

"నిన్న జొన్నరొట్టె తిన్న," అన్నది కర్రతో నేలను కొడుతూ. "ఎన్ని దినాలకు తిన్ననో మీకేమెరుక? నా జాడీ ఎవలన్న ముట్టుకుంటె చేతులిరగ్గొడ్త. ఓ గానుగాయనా, నాకింకో జాడీకి గిదే నూనె పట్టియ్యి."

"అమ్మా, గా వాసనైతె మళ్ల రాదేమో," అన్నాడు గానుగాయన. ఆ గొంతులోది ఏడుపో నవ్వో నాకు తెలియలేదు.

"మళ్ల రాదంటున్నడు, ఇన్నరా?" అన్నది ముసలామె మిగతా ఆడవాళ్లతో. "గదే గదా మీక్కావలసింది. ఇంకేం, పట్టిచ్చుకోన్రి!"

అత్త మాట దాటి అడుగు వేయడం కోడలికి కష్టం, అందులో తుమ్ము ఒకటి అప్పటికే అడ్డంగా కూర్చుని ఉంది. సావుకారి భార్య తన మూట తనే తీసుకుపోయి గానుగ పక్కన పెట్టింది. మిగతా మూటలు దాని వెనకే వెళ్లాయి. గుడ్డ కట్టిన కాలివేలామె గానుగాయనను పక్కకు పిలిచి, "నాకు సుత పన్ను గుంజుతది, ఆ అడుగు నూనె జర్రంత ఉన్నదా?" అని అడిగింది.

ఆ ఎండాకాలం గానుగ ఆగలేదు. ఉస్తాదు ముసలామెకు ఒక చిన్న సీసాలో లవంగ తైలం పంపించాడు. ఆమె దాన్ని వెనక్కి పంపింది, తొక్కులో వేసి పంపమని. చలికాలం వచ్చాక ఆ జమీన్ మీద మేం చేసిన అత్తరు నేను చెక్కపెట్టెలో పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి అమ్మాను. ఎక్కడికి పోయినా చెయ్యి చాపి పూయించుకుని, వాసన చూసి, "ఇగో, అన్నమేది?" అని అడిగేవాళ్లు. అంత బాగా కుదిరిన చలి అత్తరు ఆ తర్వాత నా నౌకరీలో మళ్లీ చూడలేదు.

మరుసటి ఏడు గానుగాయన తన కూతుర్ని నాకిచ్చి పెళ్లి చేశాడు. ఎందరో ఉండగా నాకే ఎందుకిచ్చాడంటే, కష్టకాలంలో నేను ఆయన పక్కన నిలబడ్డాననీ, ఎంతైనా మేనేజర్‌ననీ.

ఇదంతా రాసి మా ఇంటామెకు చదివి వినిపించాను. ఆమె చింతపండులో గింజలు తీస్తూ చివరిదాకా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు.

"ఎద్దు తుమ్ముడేందయ్యా?" అన్నది. "ఆ ఎద్దు మా ఇంట్ల పుట్టిన కాడికెల్లి సచ్చేదాక తుమ్మలే. చొప్ప కట్టల కింద బోర్ల వండుకొని తుమ్మింది నువ్వు. అందరి కాళ్లు రాసినవ్ గని ఒక్కామె మొకమన్న రాసినవా? ఆడికెల్లి నీకు కాళ్లేనాయె కనవడేటివి."

"ఎద్దని నువ్వే అన్నవ్ గదా," అన్నాను.

"అన్న. ఎవలు నమ్మిన్రు? ఎద్దు తుమ్మితె ఎవలన్న ఆగుతరా, మనిషి తుమ్మిండనే ఆగిన్రు. చొప్పల లవంగాలు గుప్పుమంటుంటె లోపట ఎవలున్నరో వాడకట్టుకంత ఎరుకే. దాసుకున్ననని నువ్వొక్కనివే అనుకున్నవ్."

నేను కాగితాలు సర్దుకున్నాను. మరి మీ నాయిన నాకెందుకిచ్చిండని అడిగాను.

"మేనేజరువనా?" అన్నది, గింజలు చాటలోకి విసురుతూ. "'గీ పిలగాడు ఏడ దాసుకున్నా దొరుకుతడు బిడ్డా, నీకేం భయం లేదు' అన్నడు. గందుకిచ్చిండు."